గానగోష్ఠియు గృహధర్మమును

ఒక యింటిలో కొందరు మిత్రులు కూడి పాడుకొనుచుండిరి. కొంతకాలమునకు ఆ పాట ఇల్లు దాటెను, ఊరు దాటెను, తుదకు సముద్రమును దాటెను. పదునైదుగురు కూర్చుండు గదిలోనికి నేడు నాలుగువందలమంది వచ్చి పోవుచున్నారు. కాని మెట్లమీద ఒక్కరి చెప్పులజతయు కానరాదు. ఇది స్వల్పవిషయముగా తోచవచ్చును. అయినను దీని వెనుక నొక ధర్మసందేహము కలదు. ఇంటికి వచ్చినవారికి మంచినీళ్లిచ్చుట, కుశలమడుగుట, ప్రొద్దుపోయినచో వీధి మలుపువరకు సాగనంపుట గృహస్థధర్మమని మన పెద్దలు చెప్పిరి. కనబడని యతిథికి గృహస్థుడు ఏమైన ఋణపడి యుండునా? ఉండినచో ఆ ఋణమును తీర్చు మార్గమేది? ఈ ప్రశ్నను చదువరుల యెదుట పెట్టుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

మొదట సంగతి చెప్పి పిదప విచారణ చేసెదను. తాడేపల్లిగూడెములో ఉల్లిపాయల టోకువ్యాపారము చేయు మిత్రుడొకడు నాకు కలడు. క్రింద కొట్టు, దాని వెనుక రెండు గదులు, మేడమీద కాపురము. మేడపై విశాలమైన హాలొకటి యున్నది. పిల్లల పుట్టినరోజు విందులు, సత్యనారాయణవ్రతములు, పెండ్లిచూపులు అన్నియు అందే జరుగును. పదేండ్లపాటు నెలకు రెండు శనివారములు మేమును అక్కడనే కూడుచుంటిమి. నేను ఏలూరునుండి పాసింజరు బండిలో పోవుచుంటిని. రైల్వేలో పనిచేయు నొకడు హార్మోనియము వాయించును. బ్యాంకు ఉద్యోగి యొకడు మృదంగము పట్టును. వైద్యురాలొకామె చక్కగా పాడును. తక్కినవారము పాడలేకపోయినను పాడక మానువారము కాము. త్యాగరాజకృతి వెనుక నాటకపద్యము, దాని వెనుక తత్త్వము, తత్త్వము వెనుక పాత సినిమాపాట, ఇట్లు వరుస లేని వరుసలో రాత్రి పదిగంటలు దాటువరకు సాగెడిది. మెట్లెక్కుచుండగనే ఉల్లివాసన, లోపల అడుగుపెట్టగనే అగరువత్తుల వాసన, వంటింటినుండి పెసరట్ల వాసన. నేలమీద ఏలూరు తివాచీ. గుమ్మము ప్రక్కన కుర్చీలో మిత్రుని తల్లిగారు. ఆమె ఎనుబదియేండ్ల వృద్ధురాలు. మేమందరము ఆమెను మామ్మగారని పిలుతుము.

2020 మార్చి నెలాఖరున అంటువ్యాధి కారణముగా దేశమంతయు తలుపులు మూసికొనెను. మేము ఫోనులలో కూడితిమి. అప్పుడు మాకు తెలిసిన మొదటి సంగతి యేమనగా, ఆ తెరపై పదిమంది కలిసి పాడుట సాధ్యము కాదు. ఒకరి గొంతు మరియొకరికి చేరులోపల సెకనులో కొంతభాగము గడచిపోవును. మాటలకు అది లెక్కలోనిది కాదు. తాళమునకు మాత్రము అదియే ప్రాణాంతకము. ఒకరు చరణమెత్తగా తక్కినవారందుకొను భజనపద్ధతి ఆ దినముతో పోయినది. ఒకరు పాడునపుడు తక్కినవారందరు తమ ఫోనుల నోరు మూయుట మర్యాద యయ్యెను. ఇంకొక వింత కలదు. మాటలు స్పష్టముగా వినబడుటకై ఈ యంత్రములు నిలుకడగా మ్రోగు ధ్వనుల నన్నిటిని చప్పుడుగా నెంచి తొలగించును. మేము తంబురశ్రుతి పెట్టితిమి. యంత్రము దానిని ఫ్యాను మ్రోత యనుకొని తుడిచివేసెను. ఆ యేర్పాటును మాన్పు మీట యొకటి కలదని తెలిసికొనుటకు మాకు నెలదినములు పట్టెను.

తరువాత తలుపులు తెరువబడినవి గాని మేము పూర్వస్థితికి పోలేదు. పోలేకపోతిమి అనుట సత్యము. ఏలయన, ఈలోపల వినువారు పెరిగిరి. డల్లాసులో స్థిరపడిన తణుకువారు వచ్చిరి. కువైట్టులో ఒకరి యింట పనిచేయుచు, అంట్లు తోముట ముగిసిన పిదప ఒక చెవిలో మాత్రమే తీగ పెట్టుకొని విను నరసాపురపు ఆడపడుచు వచ్చినది. నెలకు రెండు శనివారములు ప్రతి శనివారమై మారెను. వారి సౌకర్యమునకై హాలు స్వరూపమే మారినది. గోడలనుండి శబ్దము మరల తాకి రాకుండ నేలమీది తివాచీని తీసి గోడకు వ్రేలాడదీసితిమి. కుర్చీలన్నియు కెమెరావైపు తిరిగెను. మామ్మగారికి దగ్గు కలదు. మైకు దానిని కూడ పట్టుకొనుచుండెను. కావున ఆమెను క్రింది గదిలో కూర్చుండబెట్టి, చేతికొక ఫోనిచ్చి, “ఇందులో ఇంకా బాగా వినబడుతుందమ్మా” అని కుమారుడు చెప్పెను. ఆమె యేమియు అనలేదు. తన యింటి పాటను తానే దూరమునుండి వినుట ప్రారంభించెను. ఆ దినమున మాలో నెవరికిని అది తప్పుగా తోచలేదు.

ఇట్టి మార్పును చూచి పెద్దలు కొందరు “ఇది కలికాలము, ఎదుట కూర్చుండి వినని పాట పాటయేనా?” అని విచారింతురు. ఈ విచారము కొత్తది కాదు. 1924లో సి.వి. కృష్ణస్వామి చెట్టి మొదలగువారు చెన్నపట్టణములో మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు అను సంఘమును పెట్టి, చిన్న యంత్రముతో పాటలను ఆకాశమున విడిచిరి. అది ప్రభుత్వము కాదు, పెద్ద వ్యాపారము కాదు. ఉత్సాహవంతులైన కొందరి కూటమి. ధనాభావముచే 1927లో అది ఆగిపోయినను, ఆ యంత్రమును చేకొని నగరపాలక సంస్థ 1930లో ప్రసారములు సాగించెను. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడలో రేడియో కేంద్రము తెరువబడెను. అప్పుడును కనబడని గాయకుని పాట యేమి పాట యని యన్నవారు లేకపోలేదు. కాని పంచాయతీ కచేరి గోడమీది పెట్టెనుండి వచ్చిన సంగీతమును రచ్చబండమీద కూర్చుండి విన్న పల్లెటూరివారు, జమీందారుల దివాణములలోనికి ఎన్నడును అడుగుపెట్టియుండనివారే. కావున దూరమునుండి వినుటయే దోషమని మనము నిర్ణయింపజాలము.

అదిగాక పూర్వపు గోష్ఠి నిజముగా అందరిదియేనా? వాత్స్యాయనుడు నాగరకుని దినచర్యను వర్ణించుచు గోష్ఠి యెట్టిదో చెప్పినాడు. ఒక సభామందిరమునగాని ఒక మిత్రుని యింటగాని, విద్యయందును బుద్ధియందును శీలమునందును ధనమునందును వయస్సునందును సమానులైనవారు కూర్చుండి సల్లాపము చేయుటయే గోష్ఠి యని ఆయన యభిప్రాయము. విద్య, బుద్ధి, శీలము వరకు మన మొప్పుకొందము. ఆ పట్టికలో ధనము కూడ కలదని గమనింపవలెను. గోష్ఠి తలుపునకు గొళ్లెము లోపలివైపే యుండెడిది. తిరువయ్యారులో త్యాగరాజస్వామి ఆరాధనయందు స్త్రీలు పాడుటకు వీలులేని దినములలో, బెంగళూరు నాగరత్నమ్మ తన సొంత ధనముతో స్వామి సమాధిస్థలమున మందిరము కట్టించెను. అయినను పాడుటకు ఆమెకు చోటు దొరకక, స్త్రీల గోష్ఠిని వేరుగ నడిపించెను. గుడి కట్టించినయామెకే గొంతెత్తుట కూడదను సంప్రదాయమును మనము నేడు సమర్థింపగలమా?

అంతదూరము పోనేల? మా మిత్రుని హాలులోనే చూతము. పదేండ్లు మేము పాడితిమి. పదేండ్లు ఆ యింటి కోడండ్రిద్దరు పెసరట్లు పోసిరి. వారు విన్నది వంటింటిలోనికి వినవచ్చినంత మట్టుకే. పల్లవి వినబడునపుడు పోపు చిటపటలాడును. చరణము వచ్చునపుడు “ఇంకొక రెండు” అని పిలుపు వచ్చును. మేము ఫోనులలో కూడుట ప్రారంభించిన తరువాతనే మిత్రుని భార్య ఒక కృతిని ఆద్యంతము కూర్చుండి వినెను. ఆ మాట ఆమెయే నాతో అనెను. “పద్దెనిమిదేళ్లు కాపురం చేశాను మాస్టారూ, ఆ పాటకు మూడో చరణం ఉందని నాకిప్పుడే తెలిసింది.” ఆమె నవ్వుచునే అనెను. నాకు మాత్రము నవ్వు రాలేదు. మన యాతిథ్యమును పొగడుకొనునపుడు అది యెవరి వీపుమీద నడచినదో లెక్కింపక పొగడుచున్నాము.

గడప తీసివేయుటవలన వచ్చిన మేలునకు మరియొక నిదర్శనము చెప్పెదను. కొల్లేటి లంకగ్రామమొకదానినుండి ఒకామె మాలో చేరినది. ఆమె భర్త చేపలచెరువునకు కాపలాదారు. ఆమె పేరుగాని ఊరుగాని ఇచట అక్కరలేదు. ఆమె కులము అంతకన్న అక్కరలేదు. మొదట నెలలకొలది వినుచుండెనేగాని పలుకలేదు. ఒక శనివారము వైద్యురాలు ప్రోత్సహింపగా నాటువేయునప్పటి పాట యొకటి తన గొంతుననే పాడి పంపెను. వాద్యము లేదు; వెనుక నీటికోళ్ల కూతలు. మా హార్మోనియము మిత్రుడు దానిని నాలుగుమార్లు విని, “ఆ గమకము నాకు పెట్టెలో దొరకదు” అని చేతులెత్తివేసెను. ఈ స్త్రీ ఉల్లికొట్టు మెట్లెక్కి ఆ తివాచీమీద మా సరసన కూర్చుండియుండునా? మేము పిలిచియుందుమా? నిజము చెప్పవలెనన్న, ఆమె యున్నదని మాకు తెలియదు. తెలిసినను పిలువవలెనని తోచియుండదు. ఇంత మేలు చేసిన మార్పును కేవలము పాతరోజులమీది మోజుతో నిందించుట సంస్కారము కాదు.

అట్లైనచో పోయినదేమి? ఏదియో పోయినదని మాలో ప్రతివానికిని తోచుచునే యుండెను. దానికి సాధారణముగా మూడు సమాధానములు చెప్పుదురు.

మొదటిది, సాన్నిధ్యము పోయినదని. గాయకుని ఊపిరి, కంటిచూపు, చేతి తాళము ఎదుట లేనిదే రసము పుట్టదందురు. ఇది కొంతవరకే నిజము. గ్రామఫోను పలకలపై విన్న పాటకు కన్నీరు కార్చినవారు మన తాతల తరమునుండియు కలరు. రసమునకు హృదయము కావలెను. హృదయము దూరమును లెక్కచేయదు. ఆలంకారికులు శ్రోతను సహృదయుడనిరేగాని సమీపస్థుడనలేదు.

రెండవది, శ్రద్ధ పోయినదని. తెరముందు కూర్చున్నవాడు పాట వినుచునే కూరగాయలు తరుగును, వార్తలు చదువును అందురు. నిజమే. అయితే ఎదుట కూర్చున్నవాడు వినుచున్నాడని చెప్పినవారెవరు? 2009లో లండనునగరమున ముగ్గురు మిత్రులు ఒక కచేరికి పోయి, చుట్టునున్నవారి మాటల సందడిలో పాట వినబడక విసిగి, తమలో ఒకని యింటిలోనే చిన్న గానసభ పెట్టుకొనిరి. మాటలాడరాదు, ఫోను చూడరాదు, చివరివరకు లేవరాదు అను నియమములు చేసికొనిరి. “ఒక గదిలోని పాటలు” అని అర్థము వచ్చునట్లు దానికి సోఫార్ సౌండ్స్ అని పేరు పెట్టిరి. ఆ పాటలను చిత్రించి అంతర్జాలమున ఉంచగా అనేక దేశములలో వందలకొలది నగరములయందు అట్టి యింటిసభలు వెలసినవి. వారి కథ మా కథకు అన్నవంటిది. దానినుండి నేర్వవలసినది ఇంకొకటి కలదు గాన మరల దానికి వత్తును. ఇప్పటికి తేలినది యేమనగా, ఎదుట కూర్చున్నంత మాత్రమున శ్రద్ధ రాదు; దూరమున నున్నంత మాత్రమున పోదు.

మూడవ సమాధానము, బాంధవ్యము పోయినదని. ఇది నిజమునకు దగ్గర. కాని బాంధవ్యమనగా నేమి? తెరమీద మాకు కుశలప్రశ్నలు తక్కువ లేవు. చప్పట్ల బొమ్మలు, పూలబొమ్మలు వర్షించుచుండును. పుట్టినరోజు మరచువారు లేరు, యంత్రమే గుర్తుచేయును గనుక. ఇంతయుండగా లేనిదేదియో నాకు చాలకాలము బోధపడలేదు. 2024 సంవత్సరమున నొక వరద దానిని బోధించెను.

ఆ యేడు సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడలో వేలకొలది యిండ్లను ముంచెను. ఆ నీరు తుదకు చేరవలసిన చోటు కొల్లేరే. బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరులును మురుగుకాలువలును తెచ్చి పోయు నీటికంతకును సముద్రమునకు పోవుటకు ఉప్పుటేరు తప్ప వేరు దారి లేదు. కావున పట్టణములో నీరు తీయుచుండగా లంకలలో నీరెక్కుచుండును. పత్రికల చూపు పట్టణముమీదనే యుండెను. మా చూపును అట్లే. సెప్టెంబరు 7వ తేదీ శనివారము వినాయకచవితి. ఆ రాత్రి ప్రత్యేకముగా మూడుగంటలు పాడితిమి. విజయవాడ వరదబాధితులకని చందా వసూలు చేసితిమి. డల్లాసువారు ధారాళముగా నిచ్చిరి. వినువారి సంఖ్య ఆ రాత్రి ఎన్నడును లేనంతగా పెరిగినదని మిత్రుడు సంతోషించెను. మరుసటి శనివారమును పాడితిమి.

ఆ రెండవ శనివారము పాట ముగిసి నేను మెట్లు దిగుచుండగా క్రింది గదిలోనుండి మామ్మగారు పిలిచిరి. “నాయనా, ఆ లంకపిల్ల రెండు వారాలనుంచి రాలేదేం? మొన్న పండగనాడు కూడా గొంతు వినపడలేదు.” నేను నిలిచిపోతిని. మేడమీద పదునైదుగురము; తెరపై నాలుగువందల మంది; వారిలో నెవ్వరును గమనింపని లోటును, దగ్గు కారణముగా మేము క్రిందికి దింపిన వృద్ధురాలొకతె గమనించెను.

ఆ రాత్రి ఆమె ఫోను పలుకలేదు. మరునాడు పలికెను. “కరెంటు లేదండి, ఫోనులో చార్జీ లేదండి. రోడ్డు మీదికి నీళ్లొచ్చేసినాయి. పిల్లలను తీసుకుని కైకలూరులో చుట్టాలింటికి వచ్చేశామండి. ఇల్లు ఉందో లేదో చూసిరావాలి” అని ఆమె నిబ్బరముగానే చెప్పెను. పిదప కొంచెము ఆగి, “నేను రాలేదని ఎవరైనా అడిగారా అండి?” అనెను.

“అడిగామమ్మా” అంటిని. బహువచనము ఎంత సులభముగా వచ్చెనో! నేను బడిలో వ్యాకరణము చెప్పువాడను. అడిగినది ఒక్కతె, క్రియను బహువచనమున ప్రయోగించి ఆ పుణ్యమును అందరికిని పంచితిని. విజయవాడకు మేము పంపిన చందా మంచిపనియే; దానిని తక్కువచేయను. కాని ఆ చందా ఇచ్చునపుడు మేము బాధితులను ఎరుగము, వరదను మాత్రమే ఎరుగుదుము. మేమెరిగిన బాధితురాలు మా గోష్ఠిలోనే యుండెను. ఆమె లేని చోటు మాకు కనబడలేదు.

ఎందుచేత కనబడలేదు? ఇదియే నేను వెదకుచుండిన జవాబు. హాలులో తివాచీమీద కూర్చున్న దినములలో ఒకరు రాకున్నచో అక్కడొక ఖాళీ యేర్పడును. ఆ ఖాళీ నోరువిప్పి మాటలాడును. “ఏమండీ, బ్యాంకు ఆయన రాలేదేం?” అని ఎవరో ఒకరు అడుగక తప్పదు; మరునాటి ఉదయము ఒకరు వారి గుమ్మములో నిలుతురు. తెరమీద ఖాళీ లేదు. ఒకరు పోగానే వారి గడి మాసిపోవును, తక్కిన గడులు దగ్గరకు జరుగును. వచ్చినవారి లెక్క క్షణక్షణము చూపు యంత్రము రానివారి లెక్కను ఎన్నడును చూపదు. పోయినది సాన్నిధ్యము కాదు, శ్రద్ధయు కాదు. లేమిని చూడగల కన్ను పోయినది. పదిమంది ఒకచోట చేరుటచేత సంఘము కాదు. ఒకరు రానపుడు తక్కినవారికి తెలియుటచేతనే అది సంఘమగును.

అతిథి శబ్దమునకు పెద్దలు చెప్పిన నిర్వచనము చదువరు లెరుగుదురు. తిథి లేనివాడు, అనగా ఎప్పుడు వచ్చునో ఎప్పుడు పోవునో నియమము లేనివాడు అతిథి. తెరమీదికి వచ్చువాడు ఈ నిర్వచనమునకు నూటికి నూరుపాళ్లు తగినవాడు. మరియొక మాట కలదు. నాటకము చూచువానిని, కావ్యము వినువానిని మన శాస్త్రకారులు సామాజికుడనిరి. టిక్కెట్టు కొన్నవాడు ప్రేక్షకుడు మాత్రమే కావచ్చును; సమాజమునకు చెందినవాడే సామాజికుడు. వచ్చినవానిని అతిథినుండి సామాజికునిగా మార్చుట గృహస్థుని బాధ్యత. దానికి గది యక్కరలేదు, తివాచీ యక్కరలేదు, పెసరట్లు అసలే యక్కరలేదు. “నీవు రాలేదేమి?” అను ఒక్క ప్రశ్న చాలును.

దీనికొక ఆక్షేపణ కలదు. పదునైదుగురిని అడుగవచ్చును, నాలుగువందలమందిని ఒక గృహస్థు ఎట్లడుగగలడు? సంఖ్య పెరిగినపుడు ఇల్లు చాలదు, సంస్థ కావలెను, ధనము కావలెను, పనివారు కావలెను అందురు. మా మిత్రునికి ఈ యాలోచన కలిగినది. ప్రకటనలు వేసికొని ఆదాయము తెచ్చుకొందమని యువకులు కొందరు చెప్పుచునే యున్నారు. ఇచట పైనచెప్పిన లండను కథకు మరల వత్తును. ఆ యింటిసభ పెరిగి కంపెనీ యయ్యెను; టిక్కెట్లు వచ్చినవి; పెట్టుబడులు వచ్చినవి. కాని కుర్చీలు సర్దువారు, తలుపునొద్ద నిలుచువారు పూర్వమువలెనే స్నేహధర్మముగా ఊరక పనిచేయుచుండిరి. న్యూయార్కు రాష్ట్రపు కార్మికశాఖ దీనిని విచారించినమీదట, 2020లో ఆ కంపెనీ అట్టివారికి నాలుగులక్షల అరువదివేల డాలర్లకు పైగా చెల్లించుటకు ఒప్పుకొనెను. ఇంగ్లీషులో కంపెనీ యను మాట లాటిను మూలమున రొట్టె పంచుకొనువారి కూటమి యను అర్థమునుండి పుట్టినది. ఇంటి మర్యాదలను నిలుపుకొని, ఇంటి రొట్టెను మాత్రము పంచుట మరచినచో కంపెనీ యను మాటకు మిగులునదేమి? మన వంటిండ్లలో కోడండ్రు పోసిన పెసరట్ల లెక్కయు ఇట్టిదే గదా! స్నేహము పేర చేయించుకొన్న పని, ఇంట జరిగినను వీధిలో జరిగినను, ఋణమే.

కావున నా యభిప్రాయమున సంఖ్య పెరిగినచో ప్రశ్నను విడిచిపెట్టుట కాదు, అడుగువారిని పెంచుట న్యాయము. మేము గత సంవత్సరమునుండి చేయుచున్నది చెప్పెదను. ఇది గొప్ప యేర్పాటు కాదు. వినువారిలో తమంతట తాము ఒప్పుకొన్నవారిని పదునైదుగురు చొప్పున వరుసలుగా చేసికొంటిమి. ప్రతి వరుసకును ఒకరు బాధ్యులు. వరుసగా రెండు శనివారములు ఒకరు కానరానిచో ఆ బాధ్యులు పలుకరింతురు. తమ్ము పలుకరింపవలదనువారిని పలుకరింపము. ఒంటరిగా వినుటకును మనుష్యునికి హక్కు కలదు. ఎవరి పాటను గాని వారి యనుమతి లేక నిలువచేయము, ఇతరులకు పంపము. ఇంటి స్త్రీల గొంతు ఎవరెవరి ఫోనులలో తిరుగునో యను భయమే అనేకుల నోరు నొక్కుచున్నది. ఆ భయమును పోగొట్టక “అందరును పాడుడు” అనుట వట్టిమాట. పాట నాటి రాత్రి వంట లేదు. ఎవరి ఫలాహారము వారు తెచ్చుకొందురు.

ఈ పద్ధతిలో లోపములున్నవి. బాధ్యులలో కొందరు మరచెదరు. పలుకరింపులు కొన్నిమార్లు పన్ను వసూలువలె మొక్కుబడిగా సాగును. నాలుగువందలమందిలో సగముమంది ఏ వరుసలోను చేరలేదు. అయినను కువైట్టునుండి వినునామె మొన్న వేసవిలో నెలదినములు కానరాకపోగా, ఆమె వరుసలోని తణుకు గృహిణి యొకతె పట్టుబట్టి విచారించి, జ్వరముతో ఒంటరిగా పడియున్నదని తెలిసికొని, అచటి మనవారికి కబురు చేసినది. ఆ యిద్దరును నేటివరకు ఒకరి నొకరు కంటితో చూచుకొనలేదు.

మన పూర్వపు ఇండ్లకు గడప యుండెడిది, అరుగును ఉండెడిది. గడప లోపలివారిని వెలుపలివారిని వేరుచేసెను. దానిని తీసివేయుట మంచిదే. అరుగు అట్టిది కాదు. దారినపోవు బాటసారి యెవడైనను దానిపై కూర్చుండవచ్చును, ఇంటివారు బయటికి వచ్చినపుడు “ఎవరు బాబూ, ఏ ఊరు?” అని అడుగుదురు. రోజును వచ్చు ముసలివాడు రాకున్నచో అరుగు బోసిపోవును. గడపను తీసివేయు తొందరలో అరుగును కూడ పగులగొట్టుచున్నామేమో యని నా భయము. క్రొత్త గోష్ఠులు పెట్టు యువకులు వినువారి లెక్కను తెరమీద చూచుకొని సంతోషింతురు గాక! రానివారి లెక్కను మాత్రము తెర చెప్పదు. అది మనుష్యులు పెట్టుకొనవలసినదే.

మామ్మగారి కుర్చీ మరల మేడమీది గుమ్మము ప్రక్కకు వచ్చినది. తివాచీ ఇంకను గోడమీదనే యున్నది. శబ్దమునకు అది అవసరము. ఆమె దగ్గు ప్రతి శనివారము పాటనడుమ రెండు మూడు మారులు వినబడుచుండును. దూరదేశమునుండి ఒకరు అది చెవికి ఇబ్బందిగా నున్నదని వ్రాసిరి. మిత్రుడు సవినయముగా జవాబు వ్రాసెను గాని కుర్చీని కదపలేదు.